మూడవ ఆకు వరకు

బిడ్డలకు తలిదండ్రులు ఎంత పెట్టవలెను? ఎన్నాళ్లు పెట్టవలెను? పొలము అమ్మి చదివించిన తండ్రులు మన సంఘములలో ఉన్నారు. 30 ఏండ్ల కుమారుని అప్పులు నేటికిని తీర్చుచున్న తల్లులును ఉన్నారు. కూర్చిపెట్టు భారము పెద్దలదేనని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయములో తెలియజేయుచున్నాడు. ఎంత, ఎన్నాళ్లు అను మాట అక్కడ లేదు. ఆ సంగతిని వడ్లగింజలో కొంత చూడవచ్చునని మాకు తోచినది.

పొట్టు తీసిన గింజలో తెల్లగా కనబడునది దాదాపు అంతయు పిండిపదార్థమే. దానిలోని కణములు గింజ పండి ఎండునాటికే జీవము విడిచినవి. తల్లిమొక్క మూటగట్టిన కూడు అది. దాని చుట్టునున్న పలుచని పొరయు, ఒక మూలనున్న చుక్కవంటి మొలకయు మాత్రమే బ్రతికియుండును. మొలక బరువు బియ్యపు గింజలో నూటికి 2, 3 పాళ్లు మాత్రమే. మిల్లులో తెల్లగా పట్టినప్పుడు ఆ చుక్కయు ఆ పొరయు తవుడులో పోవును. అందుచేత బియ్యమును ఎంత నానబెట్టినను మొలవదు. కూడు ఉన్నది గాని తినువాడు లేడు.

వడ్లను నానబోసి మండెకట్టినప్పుడు లోపల జరుగునది వినదగినది. నీరు త్రాగిన మొలక జిబ్బరెలిన్ అను రసమును పుట్టించి పొరకు పంపును. పొర మేలుకొని అమైలేజ్ అను పాచకరసమును చేసి పిండిలోనికి విడుచును. పిండి చక్కెరగా మారును. పిండి నీటిలో కరగదు గనుక దాచుటకు మంచిది, కదలుటకు పనికిరాదు. చక్కెరయైతే కరగి వేరునకును మొలకకును చేరును. మొలకెత్తిన రాగులు నమిలినప్పుడు తియ్యగా నుండుట ఇందువలననే. ఆ పిండితో పసివారికి కాచిన జావ పలుచనగుటకును కారణమిదే.

1960లో ఆస్ట్రేలియాలో పేలెగ్ అనువారును, జపానులో యోమో అనువారును వేరువేరుగా బార్లీ గింజలపై దీనిని రుజువుపరచిరి. మొలకను తీసివేసిన గింజను నానబెట్టినయెడల పిండి కరగదు. జిబ్బరెలిన్ చేర్చినయెడల మొలక లేకున్నను కరగును. నిలువ తనంతట తాను తెరచుకొనదు. బ్రతికినది కోరినప్పుడే తెరచుకొనును. మనలో అనేకులు కోరకముందే పోయుదురు, పోసినది అక్కడనే పులియును. కోరుట యనగా చేయి చాపుట అని కొందరు కుమారులు అనుకొనుచున్నారు. గింజలోని మొలక అట్లు కాదు, ముందు తాను కదలి పని మొదలుపెట్టి పిమ్మట కోరుచున్నది.

కూడు అందించిన పొర పని తీరిన పిమ్మట చనిపోవును. యోహాను 12:24లో గోధుమగింజ చావును గూర్చి చదివి, మొలక చావదు గదా అని చదువుకొన్న పిల్లలు అడుగుదురు. మొలక బ్రతుకుట నిజమే. చచ్చినది పెట్టిన పొర.

ఇక ఎన్నాళ్లు? వరినారు మూడవ ఆకు విచ్చువేళకు, అనగా సుమారు రెండు వారములకు, గింజలోని నిలువ దాదాపు తీరిపోవును. ఒక్కనాటిలో తలుపు మూయబడదు. ఆకు పచ్చబడినది మొదలు నారు తానును సంపాదించుచు, తల్లి కూడును తినుచుండును. పెండ్లి చేసితిమి, ఇక మీ పాట్లు మీవి అనువారు దీనిని గమనించవలెను.

నిలువ అన్ని గింజలకు సమముగా చాలదు. రాగి గింజ చిన్నది. లోతున పడినయెడల వెలుగు చేరకమునుపే దాని కూడు అయిపోవును. మొక్కజొన్న 2 అంగుళముల లోతునుండియు పైకి రాగలదు. కాబట్టి బిడ్డలకు సమముగా పంచితిమని తృప్తిపడుట చాలునా? ఎవరు ఎంత లోతునుండి రావలెనో చూడవలదా? ఇంటిలో మొదటిసారి బడి ముఖము చూచిన ఆడపిల్ల చాల మట్టి త్రోసికొని రావలెను. ఆమెకు పదవ తరగతి చాలునని మాన్పించి, పట్టణములో రెండు మారులు వ్యాపారము పెట్టి పోగొట్టిన అన్నకొరకు మరియొక ఎకరము అమ్ముచున్న ఇండ్లు మనకు తెలియును. ఆ అన్నకు మూడవ ఆకు వచ్చి ఎన్ని ఏండ్లయినదో ఆ ఇంటివారు లెక్కించిరా?