న్యూసెన్సు ఎవరు?

(మార్కు 10:46–52 చదువుకొనుడి)

కరీంనగర్ ప్రాంతపు పల్లెలలో ఇంగ్లీషు చదువని వారి నోట సయితము వినబడు ఇంగ్లీషు మాట ఒకటి కలదు. అది న్యూసెన్సు. సతాయించుట, పరేషాన్, లొల్లి అను మాటలు మనకుండగా దీనిని ఏల వాడుచున్నాము? ఇది ఠాణాను జ్ఞాపకము చేయు మాట. "నాకు విసుగు కలుగుచున్నది" అనుటకు మారుగా "వాడే న్యూసెన్సు" అన్నచో, మన విసుగు ఎదుటివాని నేరమగును.

ఈ మాటకు మూలమైన లాటిను పదమునకు హాని చేయుట అని అర్థము. 1860 నాటి శిక్షాస్మృతి, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షను, పదిమందికి కలుగు హానిని, అపాయమును, బాధను చూచును. ఒక్కని చిరాకు చాలదు. మరియు కొందరికి లాభము కలిగినంత మాత్రమున అట్టి పని క్షమింపబడదు.

యెరికో త్రోవప్రక్కను బర్తిమయి కేకలు వేయగా అనేకులు అతని నోరు మూయింపజూచిరి. వారికి అతడు న్యూసెన్సు. అతడు ఎవరికిని హాని చేయలేదు. అతనికి చూపు లేదు, అంతే. ప్రభువు ఆ కేక విని నిలిచెను.

పింఛను కాగితము చదివించుకొనుటకు మరల మరల వచ్చు ముసలమ్మయు, త్రాగుబోతు భర్త దెబ్బలకు నడిరాత్రి తలుపు తట్టు స్త్రీయు మనకు విసుగు కలిగింపవచ్చును. అయితే వారు అవసరములో ఉన్నవారు. ఆ పేరు పెట్టి వారిని పంపివేయకూడదు.

మరియొక వైపు చూతము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములలో మైకులు సాధారణముగా వాడరాదు. కూడికలో పాడునది స్తోత్రమే కావచ్చును. అయినను ప్రక్కవాడలో జ్వరముతో పడియున్నవానికి, పరీక్షకు చదువుకొను బిడ్డకు, తెల్లవారకముందే కూలికి పోవువానికి నిద్ర లేకపోయినచో, అది హానియే. మన ఉద్దేశము మంచిదను మాట చాలదు.

కావున ఆ మాట నోటికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొందము. వీనివలన పొరుగువారికి హాని కలిగినదా, లేక నాకు విసుగు మాత్రమే కలిగినదా? నా వలన ఎవరికైన హాని కలుగుచున్నదా? మొదటిదానికి జవాబు విసుగు మాత్రమే అయినచో, నిలిచి విందము. రెండవదానికి జవాబు అవునని వచ్చినచో, ఇతరులు చెప్పకముందే మానుకొందము.