పిల్లలకు పొలం లెక్క చెప్పు, బిడ్డా

ఊళ్లో మిగిలిన రెండెకరాలు అమ్మేద్దామా అని అడిగావు. "పిల్లలకు ఎవుసం మీద మనసు లేదు, ఇంక మనకెందుకు పెద్దబాపూ" అన్నావు. అమ్ముకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం బిడ్డా, నీ అవసరాలు నీకు తెలుసు. పిల్లలకు మనసు లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మనసు పడేటట్టు వాళ్లకు మనమేం చూపించాం?

లెక్కల్లో మార్కులు తగ్గితే మన ఇళ్లల్లో వినపడే మాట ఒకటే: "సదువుకోకపోతే బర్రెలు కాసుకుంటవ్." మా నాయన నన్నట్లనే బెదిరించిండు, నేను నిన్ను బెదిరించిన, నువ్వు నీ కొడుకును బెదిరిస్తున్నావు. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టిన పనిని శిక్షగా చూపించి, ఇప్పుడు పిల్లలు అటు చూడటం లేదంటే ఎట్లా?

నువ్విప్పుడు కాపురముంటున్న అల్వాల్ సంగతే చూడు. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఒకప్పుడు అక్కడి నుంచి మేడ్చల్, శామీర్‌పేట, కీసర దాకా ద్రాక్ష తోటలకు పేరు. పందిరి మీది తీగకు ఏటా రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో చేసేది కొత్త రెమ్మ కోసం, అక్టోబర్‌లో చేసేది కాపు కోసం. ఏ రెమ్మకు ఎన్ని కళ్లు వదిలి కొయ్యాలో పుస్తకం చదివితే సగమే తెలుస్తుంది. మిగతా సగం తెలిసినవాళ్ల పక్కన నిలబడి కత్తెర పట్టుకుంటేనే వస్తుంది. బోర్లు అడుగంటాయి, భూమి ధర పంట ధరను ఎప్పుడో దాటిపోయింది, తోటలు ప్లాట్లయ్యాయి. తోటలతో పాటే చాలా ఇళ్లల్లో ఆ చేతిపనీ పోయింది.

అదే అల్వాల్‌లో మట్టిని వదలని మనిషి చింతల వెంకట్ రెడ్డి గారు. ద్రాక్ష రైతు. పైమట్టికి లోతు మట్టిని జోడించి పంటకు సత్తువ ఇవ్వాలని తన పొలంలోనే పరీక్షలు చేసుకుంటూ పోయిండు. మట్టి కలిపిన నీళ్లను పంట మీద చల్లి చూసిండు. ఆ పద్ధతికి పేటెంటు తెచ్చుకున్నడు. 2020లో పద్మశ్రీ వచ్చింది. డి విటమిన్ ఉండే వరి, గోధుమల మీద ఆయన చేసిన పని గురించి 2021 ఫిబ్రవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పిండు. నీ కొడుకుకు పద్మశ్రీ రావాలని కాదు నేను చెప్పేది. పొలంలో కూడా ప్రశ్న వేయొచ్చు, పరీక్ష చేయొచ్చు, తప్పయితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈ సంగతి తెలిస్తే చదువుకున్న పిల్లలకు ఎవుసం చిన్నతనంగా కనబడదు.

కష్టాలు లేవని నేను అబద్ధం చెప్పను. తెలంగాణలో సగటు కమతం రెండున్నర ఎకరాలు. అంతమాత్రం భూమి మీదనే ఒక కుటుంబం నిలబడటం కష్టం. కాబట్టి ఉద్యోగం మానేసి నాగలి పట్టమని పిల్లలకు చెప్పకు. ఉద్యోగం ఉండనీ, పొలమూ ఉండనీ. ఎవుసమే చదువుతామంటే మాత్రం అడ్డుపడకు. పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది, ఇంటర్ తర్వాత రాజేంద్రనగర్‌లో డిగ్రీ ఉంది.

ఇంక నువ్వు చేయాల్సింది చెప్తా. రెండెకరాల్లో 20 గుంటలు పిల్లల చేతిలో పెట్టు. ఏం వెయ్యాలో వాళ్లనే తేల్చుకోనీ. విత్తనానికెంత, కూలికెంత, మందుకెంత, అమ్మితే వచ్చిందెంత, అన్నీ వాళ్ల చేతితోనే రాయించు. పంట పోతే తిట్టకు, ఎందుకు పోయిందో కూర్చొని మాట్లాడుకోండి. నాలుగు కట్టల పాలకూర చేతికొచ్చినా అల్వాల్ రైతు బజార్‌కు వాళ్లను తీసుకెళ్లు. రైతు తన సరుకు తానే అమ్ముకోవాలని 1999లో మొదలైనవి ఈ బజార్లు. గిట్టుబాటు అంటే ఏమిటో అక్కడ ఒక్క పూట నిలబడితే తెలుస్తుంది.

పిల్లలంటే కొడుకొక్కడే అనుకునేవు. 2005లో వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ సమాన హక్కు ఇచ్చారు. హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, పొలం హద్దు ఎక్కడుందో, పాస్‌బుక్‌లో ఏం రాసుందో నీ బిడ్డకూ తెలియాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో కొర్ర, సామ, జొన్న విత్తనాలను బూడిద, వేపాకు కలిపి దాచి, ఇంకొకరికి పంచి, తరాలు దాటించింది ఆడవాళ్లే. 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది కూడా. మన ఇంట్లోనూ విత్తనం డబ్బా మీ అమ్మ చేతిలోనే ఉండేది. ఆమె ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే మనవరాలిని పక్కన కూర్చోబెట్టు.

ఇవన్నీ చేసినా పిల్లలు వద్దంటే అప్పుడు అమ్ముకో, నేను అడ్డం రాను. చూపించకుండా మాత్రం అమ్మకు. ఏరువాక పున్నమి వస్తోంది. ఆ పున్నమి నాడు ఇద్దరినీ వెంటబెట్టుకొని ఊరికి రా. బర్రెల మాట ఇంక ఇంట్లో ఎత్తకు.