అదే దొడ్డి, అదే నీళ్ళు

కెనడాలో ఓంటారియో రాష్ట్రంలో బ్రాంట్‌ఫర్డ్ అని ఓ మోస్తరు పట్నం. 1971–72 చలికాలంలో ఆ ఊరి పిల్లల ఐస్ హాకీ జట్టులో పదో పదకొండో ఏళ్ళ కుర్రవాడొకడు ఒక్క సీజన్‌లో 378 గోల్స్ కొట్టాడు. పేరు వేన్ గ్రెట్స్కీ. ఈ ఆటలో అతనంతటివాడు మళ్ళీ పుట్టలేదన్న మాట మీద ఇప్పటికీ పెద్దగా పేచీ లేదు. ఆ చలికాలం వెళ్ళకముందే, ఫిబ్రవరి 20న, అదే ఇంట్లో ఐదో సంతానంగా ఇంకో మగపిల్లవాడు పుట్టాడు. అతనికి బ్రెంట్ అని పేరు పెట్టారు. అన్న గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి. నా మనసు మాత్రం ఎందుకో ఈ చివరివాడి దగ్గరే ఆగిపోతుంది.

వాళ్ళ నాన్న వాల్టర్ టెలిఫోన్ కంపెనీలో టెక్నీషియన్. చలికాలం రాగానే ఇంటి వెనక దొడ్లో గడ్డి పొట్టిగా కత్తిరించి, పచ్చికకు నీళ్ళు చల్లే స్ప్రింక్లర్‌ని రాత్రిళ్ళు తిప్పేవాడు. పడిన నీరు పడినట్టే గడ్డకట్టేది. పొరమీద పొర పేరుకుని తెల్లారేసరికి రింక్ తయారు. పార్కులో చలికి కొయ్యబారిపోతూ కొడుక్కి కాపలా కాసేకన్నా, ఇంట్లో వెచ్చగా కూర్చుని కిటికీలోంచి చూసుకోవచ్చన్నదే తన అసలు ఉద్దేశమని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ మంచు మీద ఖాళీ డబ్బాలూ సీసాలూ పేర్చి, వాటి మధ్యనుంచి పక్‌ను, అంటే ఆ నల్లటి రబ్బరు బిళ్ళను, తగలకుండా తప్పించుకుంటూ పోవడం నేర్పాడు. టీవీలో మ్యాచ్ వస్తుంటే కాగితం మీద రింక్ బొమ్మ వేసిచ్చి, పక్ ఎటు తిరిగితే అటు పెన్సిల్ ఎత్తకుండా గీయమనేవాడు. గీతలు ఎక్కడ దట్టంగా పడ్డాయో చూస్తే, ఆట ఎక్కడ నడుస్తుందో తెలుస్తుందన్నమాట.

ఈ దొడ్డి కథ కెనడాలో పురాణమైపోయింది. గొప్పవాళ్ళ జీవితచరిత్రల్లో మనం వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి దొడ్డినే. ఆరో తరగతిలోనే పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించే తల్లిదండ్రులకు ఈ కథ చెప్పి చూడండి, కళ్ళు మెరుస్తాయి. తండ్రి అలా కష్టపడ్డాడు కాబట్టే కొడుకు ఇలా అయ్యాడని ఒప్పేసుకుంటాం. కానీ ఆ దొడ్లోకి స్కేట్లు కట్టుకుని దిగింది ఒక్క వేనేనా? కీత్, గ్లెన్, బ్రెంట్ కూడా ఆ ఇంటి మగపిల్లలే. ఒకే మడిలో పోసిన నారు. బ్రెంట్ వచ్చేసరికి తండ్రికి అనుభవం కూడా పెరిగింది, ఎదురుగా నడిచే పాఠంలా అన్న ఉన్నాడు. దొడ్డే కారణమైతే అందరికన్నా ఎక్కువగా అందుకోవలసింది చివరివాడు.

ఐస్ హాకీలో అన్నిటికన్నా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. దాని జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1992 డ్రాఫ్ట్‌లో అప్పుడే పుట్టిన టాంపా బే లైట్నింగ్ జట్టు మూడో రౌండ్‌లో, మొత్తం మీద 49వ ఆటగాడిగా బ్రెంట్‌ను తీసుకుంది. ఆ జట్టును నడుపుతున్న ఫిల్ ఎస్పొజీటో కూడా ఒకప్పుడు పేరుమోసిన ఫార్వర్డే, ఆయన తమ్ముడు టోనీ పేరుమోసిన గోలీ, అంటే గోల్ కాచేవాడు. అన్నదమ్ముల సంగతులు ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరిడాలో ఐస్ హాకీ అంటేనే జనం వింతగా చూసే రోజులవి. ఆ ఊళ్ళో టికెట్లు అమ్మడానికి గ్రెట్స్కీ అన్న పేరు పనికొస్తుందన్న లెక్క కూడా ఎంతో కొంత ఉండే ఉంటుందని నా అనుమానం. ఇంకో తమాషా ఏమిటంటే, 1985లో కీత్‌ను బఫలో జట్టు ఇదే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో తీసుకుంది. అంత గొప్ప వేన్‌ను మాత్రం ఎవరూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. అతను వేరే లీగ్‌లో ఆడుతుండగా, 1979లో ఆ లీగ్ జట్లు కొన్ని ఎన్‌హెచ్‌ఎల్‌లో కలిసిపోయాయి, వాటితో పాటే అతనూ వచ్చేశాడు. తమ్ముళ్ళిద్దరూ ముందు గుమ్మంలోంచి పిలుపు అందుకుంటే, అన్న పక్క గుమ్మంలోంచి వచ్చి ఇల్లు తనది చేసుకున్నాడు.

కీత్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బ్రెంట్ 1993–94లోనూ ఆ మరుసటి సీజన్‌లోనూ కలిపి 13 మ్యాచ్‌లు ఆడాడు. ఒక గోల్, మూడు అసిస్టులు. మొత్తం నాలుగు పాయింట్లు. అన్న 1,487 మ్యాచ్‌లలో 2,857 పాయింట్లు చేసి 1999లో ఆట విరమించాడు.

ఇక్కడ జనం నవ్వుతారు. నాకు నవ్వు రాదు. నేనూ ఒకరి తమ్ముణ్ణే. మా అన్నయ్య చదివిన బళ్ళోనే, ఆ మేష్టర్ల దగ్గరే చదివాను. హాజరు పట్టీలో నా పేరు చదవగానే తలెత్తి చూసి, నువ్వు ఫలానావాడి తమ్ముడివి కదూ అనేవారు. అందులో ప్రేమే ఉండేది. ఆ ప్రేమ మా అన్నయ్య మార్కుల దగ్గర మొదలై, నా మార్కుల దగ్గరికి వచ్చేసరికి జాలిగా మారేది. తమ్ముడి బతుకులో తెలియని కష్టం ఒకటుంది. అన్న చేసిన పని తమ్ముడు చేస్తే అది ‘మళ్ళీ’ అవుతుంది, చెయ్యకపోతే ‘కాలేదు’ అవుతుంది. కేవలం ‘చేశాడు’ అన్న మాట అతనికి దక్కదు. గ్రెట్స్కీ ఇంటి తమ్ముడికైతే అది చొక్కా వీపు మీదే అచ్చేసి ఉంటుంది. గాలరీలో కూర్చున్న ప్రతివాడూ ఆ పేరు చదివాకే అతని ఆట చూస్తాడు.

అసలు ఈ పాయింట్ల లెక్కే నన్ను ఆలోచనలో పడేసింది. ఐస్ హాకీలో గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు. అంతకు ముందు తన జట్టులో పక్‌ను వరసగా అందించిన చివరి ఇద్దరికీ చెరో పాయింటు, దాన్నే అసిస్ట్ అంటారు. కొట్టడానికీ అందించడానికీ ఒకే విలువ. వేన్ గొప్పతనమంతా ఈ నియమంలో దాగుంది. గోల్స్ 894, అసిస్టులు 1,963. అతని గోల్స్ అన్నీ లెక్కలోంచి తీసేసినా, ఒట్టి అసిస్టులతోనే పాయింట్ల పట్టికలో మొదటి పేరు అతనిదే, ఎందుకంటే రెండో స్థానంలో ఉన్న యారొమిర్ యాగర్ గోల్సూ అసిస్టులూ కలిపినా 1,921 దగ్గరే ఆగాడు. ఇవ్వడాన్ని ఇంత ఉదారంగా లెక్కలోకి తీసుకునే ఆటలు తక్కువ.

అయినా ఆ ఉదారతకూ ఒక హద్దుంది. వెనక్కి ఇద్దరి దాకానే లెక్క. మూడోవాడికి ఏమీ లేదు. తన గోల్ దగ్గర గోడవారగా నలుగురి కర్రల మధ్య నుంచి పక్‌ను పీకి బయటికి తోసినవాడు ఒకడుంటాడు. వాడు తొయ్యకపోతే తర్వాతిదేదీ జరగదు. కాగితం మీద వాడు లేడు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు, తప్పు పట్టను. గీత గీయకపోతే ప్రతి గోల్‌కూ కారణాల గొలుసు వెనక్కి, ఇంకా వెనక్కి పోయి, బ్రాంట్‌ఫర్డ్‌లో రాత్రిపూట స్ప్రింక్లర్ తిప్పే మనిషి దాకా వెళ్తుంది. అక్కడితోనైనా ఆగుతుందా? కుటుంబం అన్నదంతా ఆ మూడోవాడి స్థానంలోనే ఉంటుంది. దొడ్లో అన్నకు ఎదురుగా నిలబడి వందసార్లు ఓడిపోయిన తమ్ముళ్ళూ ఆ కోవలోకే వస్తారు. బ్రెంట్ పెద్దన్నకన్నా పదకొండేళ్ళు చిన్న కాబట్టి వేన్‌కి ఎదురునిలిచి ఓడిపోవడం కీత్‌కే ఎక్కువగా దక్కి ఉంటుందనుకోండి, ఆ లెక్కా ఎవరూ రాయలేదు.

వాల్టర్ విషయంలో జరిగింది తలచుకుంటే ఈ లెక్కల మీద ఉన్న కాస్త నమ్మకమూ సడలుతుంది. 1991లో ఆయనకు మెదడులో రక్తనాళం చిట్లింది. ప్రాణం దక్కింది గాని, అంతకు ముందరి ఏళ్ళ జ్ఞాపకాలు చాలామటుకు చెరిగిపోయాయి. పెద్దకొడుకు ఎడ్మంటన్ జట్టుతో నాలుగుసార్లు ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచిన 1984, 85, 87, 88 సంవత్సరాలు ఆ చెరిగిపోయిన భాగంలోవే. దేశమంతా ఇళ్ళల్లో చెప్పుకునే విజయాలు, వాటికి మంచు పరిచిన మనిషి తలలో మాత్రం లేవు. ఇతరులు చెబితే విని తెలుసుకోవాలి, మనం తెలుసుకున్నట్టే. ఇది జరిగిన కొద్ది నెలలకే చిన్నకొడుకు డ్రాఫ్ట్. అంటే ఆ తండ్రి మళ్ళీ కొత్తగా జ్ఞాపకాలు కూడబెట్టుకుంటున్న రోజులూ, బ్రెంట్ ప్రొఫెషనల్ ఆటగాడిగా తొలి అడుగులు వేసిన రోజులూ ఒక్కటే. జనం మరిచిపోయిన నాలుగు పాయింట్లు ఆయనకు గుర్తుండి, జనం గుర్తుంచుకున్న వేలకు వేలు ఆయన మరిచిపోయి ఉండవచ్చని ఊహించుకుంటే, ఎవరి లెక్క అసలు లెక్క అన్న ప్రశ్న వస్తుంది. దానికి నేను జవాబు చెప్పలేను. వాల్టర్ ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళు బతికాడు, 2021 మార్చిలో పోయాడు. ఆ ముప్పై ఏళ్ళూ పక్షవాతం బాధితుల కోసం తిరిగాడు, ఊళ్ళో పిల్లల మ్యాచ్‌లకు వెళ్ళాడు.

బ్రెంట్ కథలో నన్ను బాగా పట్టుకునేది ఆ 13 మ్యాచ్‌లు కావు. ఆ తర్వాత అతను ఆట మానలేదన్న సంగతి. ఎన్‌హెచ్‌ఎల్ కింద చిన్న లీగ్‌లు ఎన్నో ఉన్నాయి. వాటిలో జీతాలు తక్కువ, బస్సుల్లో రాత్రి ప్రయాణాలు ఎక్కువ. జార్జియా ఎండల్లో అట్లాంటా నైట్స్ అనే జట్టుకు ఆడాడు. 1994లో ఆ జట్టు తన లీగ్ కప్పు గెలిచింది. న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో సెయింట్ జాన్స్‌కు వెళ్ళాడు. 1990ల చివర్లో నార్త్ కరోలినా కొండల్లో ఆష్‌విల్ అనే ఊరి జట్టులో ఆడాడు. అక్కడ కోచ్ ఎవరనుకున్నారు? అన్న కీత్. న్యూయార్క్‌లో పెద్దన్న వీడ్కోలుకు ప్రపంచమంతా నిలబడి చప్పట్లు కొడుతున్న ఆ కాలంలోనే, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ జట్టులోనూ ఇక ఎవరూ అతని 99 నంబరు వేసుకోకూడదని తీర్మానించిన ఆ కాలంలోనే, ఈ ఇద్దరు తమ్ముళ్ళూ ఓ చిన్న ఊళ్ళో మంగళవారం ప్రాక్టీసులూ, శనివారం మ్యాచ్‌లూ చూసుకుంటున్నారు.

ఎందుకు ఆడినట్టు? పైకి పోతానన్న ఆశతో ఇరవై మూడేళ్ళవాడు ఆడతాడు. ముప్పైకి దగ్గరపడ్డవాడిని ఆ ఆశ ఆడించదు. పేరు కోసమా అంటే, ఆ పేరు పుట్టుకతోనే ఉంది, అవసరానికి మించే ఉంది. డబ్బంటారా, ఆ లీగ్‌లలో ఎంతొస్తుందో అందరికీ తెలుసు. సెంటర్ ఫార్వర్డ్ బెంచీ మీంచి గోడ దూకి మంచు మీదకి వస్తే ముప్పావు నిమిషం ఆడతాడు, ఊపిరాడక వెనక్కొచ్చి కూర్చుంటాడు, మళ్ళీ తన వంతు వస్తే దూకుతాడు. ఆ ముప్పావు నిమిషంలో తను ఎవరి తమ్ముడో ఎవరికీ గుర్తుండదు, తనకీ గుర్తుండదు. అందుకే ఆడాడని నేననుకుంటాను. ప్రతిభ తక్కువైనా ఆడటం అంటే ఇష్టం తగ్గదని ఒప్పుకోవడానికి మనకు కష్టంగా ఉంటుంది. సంగీతం నేర్చుకుని కచేరీ చెయ్యనివాడిని చూసి, అంత నేర్చుకుని ఏం లాభం అనేవాళ్ళం కదా.

ఆట ముగించాక బ్రెంట్ ఓంటారియో ప్రొవిన్షియల్ పోలీసులో చేరాడు. కీత్ ఆటగాళ్ళను వెతికే స్కౌట్‌గా ఎదిగి, ఒకప్పుడు అన్న ఏలిన ఎడ్మంటన్ జట్టులోనే పెద్ద ఉద్యోగం చేశాడు.

2025 ఏప్రిల్ 6న రష్యా ఫార్వర్డ్ అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 895వ గోల్ కొట్టి వేన్ గోల్స్ రికార్డు చెరిపేశాడు. వేన్ అక్కడే ఉన్నాడు, లేచి అభినందించాడు. ఆ సంఖ్య చూడగానే నా చేయి కాగితం మీదకు పోయింది. 894కు బ్రెంట్ కొట్టిన ఆ ఒక్క గోల్ కలిపితే ఎంత? 895. ఆ రోజు ఒవెచ్కిన్ దాటింది వేన్‌ను మాత్రమే, గ్రెట్స్కీ అన్నదమ్ములతో సమానమయ్యాడంతే. వారం తిరక్కుండానే ఇంకో గోల్ కొట్టి అదీ దాటేశాడు, సరే.

ఇంకో రికార్డు మాత్రం అలాగే ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇద్దరు అన్నదమ్ములు కలిసి చేసిన అత్యధిక పాయింట్లు గ్రెట్స్కీలవి, 2,861. ఆల్బెర్టాలోని వైకింగ్ అనే పల్లె నుంచి వచ్చిన సట్టర్ల మొత్తం 2,934, కానీ వాళ్ళు ఆరుగురు. ఏడో సట్టర్ ఒకడున్నాడు, అందరికన్నా పెద్దవాడు గ్యారీ. అందరిలోకీ బాగా ఆడేది వాడేనని తమ్ముళ్ళే చెబుతుంటారు, అతను మాత్రం ఎన్‌హెచ్‌ఎల్‌కు రాలేదు. స్వీడన్ కవలలు హెన్రిక్, డేనియల్ సెడీన్‌లు పదిహేడేళ్ళు ఒకే జట్టులో పక్కపక్కనే ఆడి 2,111 దగ్గర ఆగారు. 2,857కు నాలుగు కలిపే ఈ రికార్డును క్విజ్‌లలో జోకుగా అడుగుతుంటారు. రేపెప్పుడో మహానుభావుడొకడు పుట్టి 2,858 పాయింట్లు చేసి వేన్‌ను దాటాడనుకోండి. ఆ రికార్డు అతనిదైపోతుంది. అన్నదమ్ముల రికార్డు మాత్రం అప్పటికీ గ్రెట్స్కీలదే. అది కూడా కావాలంటే అతనికి ఓ తమ్ముడుండాలి. ఆ తమ్ముడు ఎన్‌హెచ్‌ఎల్ దాకా రావాలి. వచ్చి కనీసం నాలుగు పాయింట్లయినా చెయ్యాలి.