శైలిని బట్టి కవిని పట్టగలమా?

పాత కావ్యంలో శైలి మారితే కవి మారాడని తేల్చేయడం పరిశోధకులకు అలవాటైంది. వ్యాసభారతంలో ఈ భాగం ఒకరిది, ఆ భాగం మరొకరిది అనే విభజనలు చాలావరకు ఇలా పుట్టినవే. ఈ పద్ధతిని ఎంత నమ్మవచ్చో చూడటానికి తెలుగువాళ్ళ చేతిలో ఒక గొప్ప సాధనం ఉంది. ఆంధ్రమహాభారతంలో ఎవరు ఎక్కడ ఆగారో, ఎవరు ఎక్కడ అందుకున్నారో మనకు ముందే తెలుసు. 11వ శతాబ్దంలో నన్నయ రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం 142వ పద్యంతో ఆగింది. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు.

ఆ అతుకు దగ్గర కాసేపు ఆగి చూడాలి. నన్నయ చివరి పద్యం శరత్కాలపు వెన్నెల రాత్రుల వర్ణన, వృత్తం ఉత్పలమాల. ఎఱ్ఱన తొలి పద్యం అదే శరత్తులో తెల్లవారుజాము వర్ణన, వృత్తం చంపకమాల. ఉత్పలమాలలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాలే వస్తుంది. ఋతువు అదే, సంస్కృత సమాసాల నిండుదనం అదే, నడక కూడా దాదాపు అదే. ఇద్దరి మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళు గడిచాయని చెప్పకుండా వినిపిస్తే ఎంతమంది చెవులు పసిగడతాయి? ఇది కాకతాళీయం కాదు. నన్నయ కవితారీతి కొంత తోచేలా, ఆయన రచనగానే పూరించానని ఎఱ్ఱన పర్వం చివర తానే చెప్పుకున్నాడు. కాబట్టి శైలి వేలిముద్ర లాంటిది కాదు. సమర్థుడైన కవి దాన్ని కావాలని అలవరచుకోగలడు.

ఎఱ్ఱన నన్నయలా మొదలై క్రమంగా తిక్కన ధోరణికి చేరాడు గనుక మారిన శైలి దొరికిపోతుందని విమర్శకులు అంటారు. ఆ పరిశీలన మంచిదే, కానీ అది పేరు తెలిశాక చేసినది. ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది: కవి గమనించకుండా వాడే చిన్న చిన్న మాటలను లెక్కిస్తే అనుకరణ బయటపడదా? 1964లో గణాంకవేత్తలు మోస్టెల్లర్, వాలెస్, ఎవరు రాశారో వివాదమున్న అమెరికా ఫెడరలిస్ట్ రాజకీయ వ్యాసాల విషయంలో ఈ పనే చేసి మెప్పు పొందారు. అయితే అవి వచనం, ఒకే కాలానివి, అనుమానితులు ఇద్దరే, వారి ఇతర రచనలూ చేతిలో ఉన్నాయి. మన పద్యంలోనేమో యతి, ప్రాస, గణం చిన్న మాటలను కూడా శాసిస్తాయి. పైగా తాళపత్రాల లేఖకులు వాటిని మార్చారు. ఇక ప్రక్రియ మారితే ఒకే కవి వేరేలా కనిపిస్తాడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణంలో వచనమే లేదు, ఆయన భారతం మాత్రం గద్యపద్యాల చంపువు.

నా దృష్టిలో శైలి ఇక్కడేదో మారిందని సూచించగలదు. ఎవరు మార్చారో చెప్పాలంటే బయటి సాక్ష్యం కావాలి. వ్యాసభారతంలో పలు చేతులు ఉన్నాయంటే భక్తులు నొచ్చుకోవలసిన పని కూడా లేదు. ఉపాఖ్యానాలు లేని భారతం ఇరవై నాలుగు వేల శ్లోకాలని ఆదిపర్వమే చెబుతోంది, వైశంపాయనుడు, సౌతి దాన్ని మళ్ళీ చెప్పినట్టూ అందులోనే ఉంది. తెలుగు భారతాన్ని ముగ్గురు రాశారని తెలిసీ పారాయణం చేసినవారి భక్తి తగ్గలేదు.

కంప్యూటర్‌తో పదాలు లెక్కగట్టే యువ పరిశోధకులకు ఒక మనవి. ముందు మీ పద్ధతిని అరణ్యపర్వం మీద ప్రయోగించండి. 142వ పద్యం దగ్గరి అతుకును అది తనంతట తానే పట్టుకుంటే, అప్పుడు వ్యాసుడి దగ్గరికి వెళ్ళండి.