ఏ వయసులో ‘సరే’ అంటే సరే అవుతుంది?

పంచశీలలో మూడోది మనం రోజూ చెప్పుకుంటాం: కామంలో తప్పు నడతకు దూరంగా ఉంటామని. అందులో వయసు అంకె లేదు. మరి ఏ వయసు పిల్ల ‘సరే’ అంటే అది సరే? ఊర్లో మీటింగు పెట్టి ఇదే అడిగితే పెద్దమనుషులు నేల చూస్తారు.

చట్టం అంకె చెబుతుంది. కానీ దేశానికొకటి. జర్మనీలో 14, ఫ్రాన్స్‌లో 15, బ్రిటన్‌లో 16, మన దగ్గర 18. జపాన్ 2023 దాకా 13తోనే నెట్టుకొచ్చి అప్పుడు 16 చేసింది. మనకైనా 1860 శిక్షాస్మృతిలో ఉండింది పదేళ్లే. కలకత్తాలో ఫూల్మణి దాసి అనే పిల్ల భర్త చేతిలో చచ్చిపోతే, పదేళ్లు దాటింది కాబట్టి అది అత్యాచారం కాదన్నారు. 1891లో దాన్ని 12కి పెంచితే మతంలో చెయ్యి పెట్టారని తిలక్ అంతటివాడు ఎదురుతిరిగాడు. 2012లో పోక్సో 18 అంది. పెళ్లాం అయినా 18 లోపైతే అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

అంకె ఇంతగా కదులుతోందని అది ఉత్తుత్తిదే అనుకోకండి. శెనక్కాయ చేనుకి కంచె గజం అటో ఇటో వేస్తాం. వెయ్యకపోతే మాత్రం చేను మిగలదు.

మన నాగలాపురం, పిచ్చాటూరు, శ్రీకాళహస్తి పక్క మాతమ్మ ఆచారం మీకు తెలుసు. చిన్నప్పుడు జబ్బు చేస్తే మొక్కుకుని అమ్మ పేరున తాళి కట్టించేస్తారు. 1988లోనే చట్టం వచ్చింది. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మన రాష్ట్రానికి నోటీసిచ్చింది. పెద్దయ్యాక ఆమె మీద చెయ్యి వేసినవాడు ‘ఒప్పుకుంది’ అంటాడు. ఎప్పుడు ఒప్పుకుంది? తాళి కట్టిన రోజు ఆ బిడ్డకు మాటలైనా సరిగా రావు కదా.

సాలేయ్యక సుత్తంలో బుద్ధుడు తల్లి కాపాడే ఆడపిల్ల, తండ్రి కాపాడేది, అన్నదమ్ములు కాపాడేది అని వరసగా చెబుతాడు. నిజం చెప్పాలంటే ఆ వరస నాకు పూర్తిగా సరిపోదు. అందులో కాపలా ఉంది, పిల్ల సొంత మాట లేదు. పైగా ఆ కాపాడేవాళ్లే అప్పజెబితే?

పదిహేడేళ్ల పిల్లను మేనమామకిస్తే ఊరంతా పోయి భోంచేసి వస్తాం. అదే పిల్ల మాలపల్లె అబ్బాయితో పోతే తెల్లారేసరికి పోక్సో గుర్తొస్తుంది. ఇక్కడ కాపాడేది పిల్లనా, కులాన్నా? కులం నిలబడ్డానికే బాల్యవివాహం పుట్టిందని బాబాసాహెబ్ 1916లోనే రాశారు.

అట్లయితే 16కి తగ్గించమంటారా అని కుర్రవాళ్లు నన్ను అడుగుతారు. వద్దంటాను. 2023లో లా కమిషన్ కూడా తగ్గించొద్దనే చెప్పింది. 16 దాటిన పిల్లలు ఇష్టపడి కలిసుంటే జడ్జి ఆలోచించి శిక్ష వేసే వీలుండాలంది. అది నాకు న్యాయంగానే తోస్తోంది. తగ్గిస్తే ముందు దెబ్బ తినేది మాతమ్మ బిడ్డే. అయితే అబ్బాయి మీద పెట్టిన 18 మేనమామ మీదా పెట్టాల.

ఈసారి పెళ్లి పత్రిక ఇంటికొస్తే, పిల్ల ఏ సంవత్సరం పుట్టిందో అడగండి. మొహమాటపడకండి. తేడా ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి, బంధువులైనా సరే.