ఊరికే వచ్చిన ఆట

మా ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్. అది అమ్మది. పగలు అమ్మ బీడీలు చుట్టుకుంటూ దాంట్లో పాటలు వింటుంది. రాత్రి నాయిన టవల్ కార్ఖానా నుంచి వచ్చి కాసేపు వార్తలు చూస్తాడు. నడుమ, నేను స్కూలు నుంచి వచ్చినాక, ఒక గంట నాది. ఆ గంటలో నేను ఒక క్రికెట్ ఆట ఆడేవాణ్ణి. దాని పేరు ఇక్కడ రాయను. అలాంటివి చాలా ఉన్నాయి, ఏదో ఒకటి మీ ఫోన్‌లో కూడా ఉండే ఉంటుంది.

ఆట ఊరికే వచ్చింది. మొదటి రెండు వారాలు అన్నం తింటున్నా అదే ధ్యాస. మా గల్లీ దోస్తు వాళ్ల అన్న ఫోన్‌లో ఆడేవాడు. ఇద్దరం ఒకరి మీద ఒకరం మ్యాచ్‌లు పెట్టుకునేవాళ్లం. వాడు యార్కర్ వేస్తాడని తెలిసి కూడా నేను ఔటయ్యేవాణ్ణి. మర్నాడు పొద్దున స్కూలుకు పోతూ దారంతా దాని గురించే మాటలు. ఓడినా సంతోషంగానే ఉండేది.

తర్వాత ఆట మారింది. నాలుగు మ్యాచ్‌లు ఆడగానే ఎనర్జీ అయిపోయిందని చూపించేది. 4 గంటలు ఆగాలి, లేదా పైసలు కట్టాలి. నాకున్నదే ఒక్క గంట! పై లెవల్‌కు పోయినకొద్దీ నేను ఓడేది నా వేలు తప్పుగా కదిలినందుకు కాదు. నా బౌలర్ బలం 70, అవతలి బ్యాట్స్‌మన్ బలం 95. ఎంత బాగా వేసినా బంతి బౌండరీ దాటేది.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. ఎవరైనా వస్తువును బాగా చేసి అమ్ముకుంటారు. ఈ ఆటలో మాత్రం విసుగును ముందు పెట్టి, దాన్ని తీసేయడానికి పైసలు అడుగుతున్నారు. మా నాయిన టవల్‌కు కావాలని నాలుగు పోగులు వదిలేసి, వాటిని సరిచేయడానికి వేరే కూలి అడిగితే సేటు ఊరుకుంటాడా?

ఈ సందేహం అప్పుడే వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, 89 రూపాయల ప్యాక్ కొనాలని. అమ్మకు చదువు రాదు. రీచార్జి, గ్యాసు బిల్లు, అన్నీ నేనే కడతాను కాబట్టి పిన్ నాకే తెలుసు. కొన్నాను. ప్యాక్‌లో ఒక ఫాస్ట్ బౌలర్ వచ్చాడు. ఆ సాయంత్రం నా దోస్తును 31 పరుగులకే ఆలౌట్ చేశాను. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ. నాలుగో రోజు వాడు, "నువ్వు గెలుస్తలేవురా, నీ పైసలు గెలుస్తున్నయ్" అని ఆడటం మానేశాడు. స్కూలు దారిలో మాట్లాడుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే వాడన్నది నిజం.

అప్పుడైనా ఆపాల్సింది. కానీ ప్యాక్‌లలో ఒక పేరున్న బ్యాట్స్‌మన్ వస్తాడని ఆశ. వచ్చే అవకాశం 1 శాతం అని కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది. 1 శాతం అంటే 100 ప్యాక్‌లు తెరిస్తే తప్పక వస్తాడనుకున్నాను. ఆ మధ్య సంభావ్యత పాఠం చెబుతుంటే గణితం సారును అడిగాను, ఎందుకు అడుగుతున్నానో చెప్పకుండా. ఒక్క ప్యాక్‌లో రాకపోయే అవకాశం 0.99. వందసార్లూ రాకపోయే అవకాశం కావాలంటే 0.99ను దానితోనే వందసార్లు గుణించుకుంటూ పోవాలి. సారు లెక్క కట్టి చూపించారు, సుమారు 0.37. అంటే వందమంది తలా 100 ప్యాక్‌లు కొంటే వాళ్లలో దగ్గర దగ్గర 37 మందికి వాడు ఒక్కసారి కూడా రాడు! నేను అప్పటికి కొన్నవి 8. మొత్తం 712 రూపాయలు.

ఆ శనివారం అమ్మ కిరాణా దుకాణంలో నూనె, పప్పు తీసుకుని ఫోన్ చూపిస్తే పైసలు సరిపోలేదు. వెనక వరుసలో మనుషులున్నారు. అమ్మ నూనె ప్యాకెట్ తిరిగి ఇచ్చేసింది. ఇంటికి వచ్చి, "బీడీల పైసలు ఇంకా పడలేదా బిడ్డా, చూడు" అని ఫోన్ నాకే ఇచ్చింది. అప్పుడు చెప్పాను. నాయిన అరిచాడు. అమ్మ అరవలేదు.

తప్పు నాదే. అందులో వాదన లేదు. అయినా ఆటది కూడా కొంత తప్పు ఉందా అని నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. దీని మీద మా క్లాసులో వాదన జరిగింది. పైసలతో ఆటగాళ్లను కొనడం ఐపీఎల్‌లో కూడా ఉంది కదా, 2024 నవంబర్ వేలంలో రిషభ్ పంత్‌ను 27 కోట్లకు కొనలేదా అని ఒకడు అన్నాడు. మంచి ప్రశ్నే. కానీ ఆ వేలానికి ప్రతి జట్టుకూ ఒకటే హద్దు, 120 కోట్లు. ఎంత గొప్ప షావుకారైనా అది దాటడానికి లేదు. నా ఆటలో ఆ హద్దు లేదు. నేను 712 పెడితే 7,000 పెట్టినవాడు నన్ను ఓడిస్తాడు. ఊరికే ఆడేవాళ్లు ఎందుకున్నారంటే, పైసలు పెట్టినవాడికి ఓడించడానికి ఎవరో ఒకరు కావాలి కదా. నా దోస్తుకు నేను చేసింది అదే.

గల్లీ క్రికెట్‌లో కూడా బ్యాటు ఎవరిదో వాడిదే మొదటి బ్యాటింగ్. అదీ ఒకరకంగా పైసల బలమే. అయితే వాడు బౌల్డ్ అయితే అందరం కలిసి కొట్లాడి పంపిస్తాం. ఫోన్‌తో ఎవరు కొట్లాడతారు?

సభాపర్వంలో జూదం గుర్తుకొస్తుంది. పందెం కాసింది దుర్యోధనుడు, పాచికలు వేసింది శకుని. అంతమాత్రాన ధర్మరాజుది తప్పు లేదని ఎవరూ అనరు, తమ్ముళ్లనూ ద్రౌపదినీ ఒడ్డింది ఆయనే. నేను ఒడ్డింది కూడా నాది కాని సొమ్మే. కానీ శకునిని కూడా ఎవరూ మంచివాడని అనరు కదా! బెల్జియం దేశంలో 2018లో అక్కడి జూదాల కమిషన్, ఏముందో తెలియకుండా పైసలిచ్చి తెరిచే ఇలాంటి పెట్టెలు జూదమేనని చెప్పింది. తర్వాత, 2019 జనవరి చివర, ఫిఫా ఫుట్‌బాల్ ఆటలో పాయింట్ల అమ్మకం ఆ దేశంలో ఆగిపోయింది. ఆట మాత్రం ఆగలేదు.

ఒక మాట ఆటవైపు నుంచి కూడా చెప్పాలి. ముందే 500 రూపాయలు అడిగి ఉంటే మాలాంటి వాళ్లు దాన్ని ముట్టుకునేవాళ్లమే కాదు. చేసినవాళ్లకూ బతుకుతెరువు కావాలి. ఒక్కసారి కొద్దిగా పైసలు తీసుకుని అందరికీ ఒకే బౌలర్లను ఇస్తే మా ఇద్దరి ఆట చెడిపోయేది కాదని నా నమ్మకం. అట్లా చేస్తే వాళ్లకు ఇంత లాభం రాదేమో.

దీపావళికి తాత ఇచ్చిన 500 అమ్మకు ఇచ్చాను. ఇంకా 212 బాకీ. ఆటను ఫోన్ నుంచి తీసేయలేదు, తీసేద్దామని మూడుసార్లు అనుకున్నాను. నిన్న అమ్మ ఫోన్ చేతికిచ్చి గ్యాసు బిల్లు కట్టమంది. పిన్ మార్చలేదు. అంకెలు నొక్కుతుంటే పైన ఒక సందేశం వచ్చింది, మీ కోసం ఉచిత ప్యాక్ ఎదురుచూస్తోందని. "ఏమంటున్నడు?" అని అడిగింది అమ్మ. "ఏదో ఊరికే ఇస్తడంట" అన్నాను. అమ్మ చాటలో తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే నవ్వింది.