రంగునకును బరువు కలదు

పుష్పక విమానములో ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగిలియుండునని మన పెద్దలు చెప్పుచుందురు. 1940లో బెంగుళూరున నెలకొన్న హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నిర్మించి, 1958లో తొలిసారి గగనమునకు పంపిన ‘పుష్పక్’ విమానమునకు ఆ వరము లేదు. దానిలో ఇద్దరికే చోటు. ప్రతి కిలోకును లెక్క కలదు. అట్టి చిన్న విమానమునకు క్రొత్త రంగు వేసిన పిదప దానిని మరల తూచవలెనా? ఈ ప్రశ్న పైకి యంత్రశాస్త్రమునకు చెందినదిగా తోచును గాని, విచారించినచో ధర్మశాస్త్రమునకును చెందినదే.

తూచు విధానము సరళము. ఇంధనమును తీసివేసి, గాలి సోకని షెడ్డులో విమానమును సమతలముగా నిలిపి, మూడు చక్రముల క్రింద మూడు త్రాసులుంచెదరు. వానివలన మొత్తము బరువును, గరిమనాభి యుండు చోటును తేలును. ఆ అంకెలను విమాన పత్రములలో వ్రాసెదరు.

“రంగు బరువెంత?” అని యజమాని అడుగవచ్చును. అమెరికావారి స్పేస్ షటిల్ యొక్క పెద్ద ఇంధనపు తొట్టికి 1981లో జరిగిన మొదటి రెండు యాత్రలలో తెల్లరంగు పూసిరి. 1982లో మూడవ యాత్ర నుండి ఆ పూత మానుటచే సుమారు 270 కిలోల బరువు తగ్గెను. చిన్న విమానమున అంకె చిన్నదే. కాని బరువు ఎంత చేరినదో చూచిన చాలదు, ఎచట చేరినదో చూడవలెను. గరిమనాభికి నాలుగు మీటర్ల వెనుక, తోకపై చేరిన రెండు కిలోలు ఒక మీటరు దూరముననున్న ఎనిమిది కిలోలతో సమానము. కీళ్లపై కదలు రడ్డరు, ఎలివేటరుల వెనుక భాగమున పూత మందమైనచో, అధిక వేగమున అవి విపరీతముగా కంపించి విరుగు ప్రమాదము కలదు.

యజమాని అబద్ధమాడలేదు. పత్రములోని అంకె వ్రాసిననాడు సత్యమే. అటుపిమ్మట విమానము మారినది, అంకె మారలేదు. దానిని నమ్మి ఎగురువాడు యజమానియే కానక్కరలేదు. అతడెన్నడును చూడని పైలట్ కావచ్చును, ఆ పైలట్ ప్రక్కన కూర్చున్న బాలుడు కావచ్చును. పరులు ప్రాణమొడ్డి నమ్ము మాటను పరీక్షింపక అట్లే యుంచుట నిర్దోషమనజాలము.

తూచుటకు వ్యయమును, కాలమును పట్టునన్న మాట నిజమే. స్వల్పమైన మార్పును లెక్కకట్టి వ్రాయుటయు కలదు. కాని లోపల పాత పూతలెన్ని యున్నవో తెలియనిచో లెక్కకు ఆధారమేది? పాత రంగును గీకివేసి క్రొత్తది పూసినచో బరువు తగ్గియు నుండవచ్చును. త్రాసు నేరము మోపదు, ఉన్నది చెప్పును.

మహాభారత శాంతిపర్వమున జాజలి కథ కలదు. జటలలో పక్షులు గూడు కట్టునంతటి నిశ్చలతపస్సు చేసి అతడు గర్వించెను. ధర్మము నెరుగుటకు తుదకు అతడు పోయినది కాశీలో త్రాసు పట్టి సరకులమ్ము తులాధారుని కడకు. సంవత్సరములు గడచినకొలది మనపైనను పేరు, పదవి, పొగడ్తలు పూతలుగా పేరుకొనును. మనలను నమ్మి నడచువారు కలరు గనుక, మనమును అప్పుడప్పుడు త్రాసునెక్కుట మేలు.